ఒట్టావా గూఢచారోదంతము

పరరాష్ట్రపు వేగులవారు తన రాజ్యమున దూరినపుడు ప్రభువు చేయవలసిన పనిని గూర్చి కౌటిల్యునకు సందేహము లేదు. అర్థశాస్త్రమున గూఢపురుషులను గూర్చి కావలసినంత ప్రసంగము గలదు. తాపసవేషమున, వర్తకవేషమున, గృహస్థవేషమున తిరుగువారును, ఇరువురు ప్రభువులయొద్దను జీతము గొను ఉభయవేతనులును అందు కానవత్తురు. అయినను ఒక్క వేగువాడు తెచ్చిన వార్తను నమ్మరాదనియు, ముగ్గురి మాట యొకటియైనపుడే నమ్మవలయుననియు ఆ గ్రంథకర్త నియమించెను. రాజు ఇచ్ఛయే శాసనమైన కాలమున వ్రాసిన గ్రంథమునందు సయితము ఈపాటి జాగ్రత్త యుండుట గమనింపదగినది.

ప్రజాప్రభుత్వమున చిక్కు మఱింత పెద్దది. రాజు రహస్యము పోయినచో రాజు శిక్షించును. ఎట్లు శిక్షించితివని అడుగువాడు లేడు. ప్రజాప్రభుత్వమునకో, శిక్షించు పద్ధతియే ప్రాణము. నిర్బంధించిన మనుష్యుని న్యాయాధిపతి యెదుట నిలుపుట, నేరమిదియని వానికి దెలుపుట, వకీలును పెట్టుకొననిచ్చుట అను నియమములున్నందుననే దానికి ఆ పేరు చెల్లుచున్నది. పరుల చారులు శాసనసభలోనికే ప్రవేశించినపుడు ఆ నియమములను ప్రక్కకు నెట్టి వారిని పట్టవచ్చునా? 1946లో కెనడా దేశము నెట్టవచ్చునని సమాధానము చెప్పినది. ఆ సమాధానమువలన దానికి లభించినదేమో, పోయినదేమో విచారించి చూతము.

1945 సెప్టెంబరు నాటికి రెండవ ప్రపంచయుద్ధము ముగిసియుండెను. సోవియట్ రష్యా ఇంకను మిత్రరాజ్యమే. కెనడా రాజధానియగు ఒట్టావాలో ఛార్లట్ వీధియందు ఆ దేశపు రాయబారి కార్యాలయముండెను. అందు ఈగోర్ గూజెంకో అను ఇరువదియాఱేండ్ల గుమాస్తా పని చేయుచుండెను. సంకేతలిపిలో తంతివార్తలు వ్రాయుటయు, వచ్చినవానిని విప్పి చదువుటయు అతని పని. అచ్చట సైనికప్రతినిధి యను పేర నున్న కల్నల్ జాబొటిన్, రష్యా సైన్యమునకు జేరిన గూఢచారశాఖకు ఒట్టావాలో నాయకుడు. అతడు మాస్కోకు పంపు వార్తలు గూజెంకో చేతిమీదుగా పోవుచుండెను. ఏ వీధిలో ఏ యుద్యోగి యేమి తెచ్చి యిచ్చెనో, వానికి ఏ మాఱుపేరు పెట్టిరో, ఎన్ని డాలర్లు ముట్టినవో ఆ గుమాస్తాకు తెలియును. స్వదేశమునకు మరలిపోవలసిన కాలము సమీపించుటతో అతడు వేఱు నిశ్చయము చేసికొనెను. సెప్టెంబరు 5వ తేదీ రాత్రి 109 పత్రములను చొక్కాలో దాచుకొని కార్యాలయమునుండి బయటికి వచ్చెను.

తరువాత జరిగినది నాటకమున వ్రాసినచో ప్రేక్షకులు నమ్మరు. అతడు మొదట ఒక పత్రికా కార్యాలయమునకు పోయెను. వచ్చిన మనుష్యుని తడబాటును, రాని యింగ్లీషును చూచి అచ్చటివారు పోలీసులయొద్దకు పొమ్మనిరి. మఱునాడు గర్భిణియైన భార్యను, పసివాడైన కొడుకును వెంటబెట్టుకొని న్యాయశాఖ కార్యాలయమునకు పోగా, మంత్రి దర్శన మొసగలేదు. మరల పత్రికాకార్యాలయము, మరల సర్కారు కచేరి. దినమెల్ల గుమ్మము గుమ్మము తిరిగినను ఆ కాగితములను చూచెదనన్నవాడు లేడు. రాజధానీనగరమున ఒక మనుష్యుడు పరరాజ్యపు రహస్యములను మూటగట్టుకొని తిరుగుచుండగా దానిని తీసికొను చేయి లేకపోయెను.

ప్రభుత్వమునకు తెలియకపోవుట చేత అట్లు జరుగలేదు. ఆ సెప్టెంబరు 6వ తేదీయే క్రొత్త పార్లమెంటు ప్రారంభదినము. ప్రధానమంత్రియైన మెకెంజీ కింగునకు ఆ యుదయముననే విదేశాంగశాఖాధికారులు సంగతి విన్నవించిరి. కింగు ప్రతిదినము దినచర్య వ్రాయు అలవాటు గలవాడు. ఆ పుస్తకములే నేడు చరిత్రకారులకు పెన్నిధి. మిత్రరాజ్యముతో పేచీ తెచ్చుకొనుట ఆయనకు సుతరామును ఇష్టములేదు. ఆ గుమాస్తా ఆత్మహత్య చేసికొనునేమో యను మాట వచ్చినపుడు, అట్లు జరిగినచో నగరపు పోలీసులు పోయి కాగితములను స్వాధీనము చేసికొనవచ్చును గాని మనము మాత్రము ముందుగా చేయి చాపరాదని ఆయన వ్రాసికొనెను. ఈ వాక్యమును చదువునపుడు మనస్సు చివుక్కుమనక మానదు. ఐదు నెలల తరువాత నిర్భయముగా చట్టమును దాటిన ప్రభుత్వము, ఆనాడు శరణార్థికి తలుపు తెఱచుటకు భయపడినది.

ఆ రాత్రి సోమర్సెట్ వీధిలో గూజెంకో కుటుంబమును ఎదురింటివారు తమ వాటాలో దాచిరి. రాయబారి కార్యాలయపు ఉద్యోగులు నలుగురు వచ్చి అతని వాటా తలుపును బ్రద్దలు కొట్టి లోపల వెదకుచుండగా నగరపు పోలీసులు వచ్చి పట్టుకొనిరి. వారు దౌత్యాధికారము చెప్పి వెడలిపోయిరి. ఇక సంశయించుటకు చోటు లేకపోయెను. 7వ తేదీన గూజెంకోను, అతని కాగితములను దేశపు పోలీసుశాఖ స్వీకరించినది.

కాగితములలో నున్నది స్వల్పము కాదు. మాంట్రియల్ ప్రయోగశాలలో పరమాణుశక్తి పరిశోధన చేయుచుండిన ఆలన్ నన్ మే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు యురేనియము నమూనాలను రష్యావారికి అందించెను. ప్రతిఫలముగా కొద్దిపాటి డాలర్లును, విస్కీయు పుచ్చుకొనెను. జాతీయపరిశోధనాసంస్థలో నింజనీరొకడు, బ్రిటిషు హైకమిషనరు కార్యాలయములో నుద్యోగిని యొకతె, విదేశాంగశాఖలో సంకేతలిపి గుమాస్తాగా నుండిన ఎమ్మా వోయ్‌కిన్ అను యువతి, ఇట్లు పలువురి పేర్లు బయటపడెను. ఈ వోయ్‌కిన్ రష్యానుండి పూర్వము వలస వచ్చిన దుఖొబోర్ రైతుల వంశమునది. బిడ్డను, భర్తను పోగొట్టుకొని పేదఱికమున కుమిలిన మనిషి. ఆమె ద్రవ్యాశచేత గాక, బీదలకు వైద్యము దొరకు దేశమొకటి యున్నదను ఆశచేత లోబడెనని తోచును. అన్నింటికంటె కలవరపెట్టిన పేరు ఫ్రెడ్ రోజుది. అతడు పోలండులో పుట్టి కెనడాకు వచ్చిన విద్యుత్కార్మికుడు. 1943లో మాంట్రియల్ నగరపు కార్టియర్ నియోజకవర్గమునుండి ఉపయెన్నికలో గెలిచి, 1945లో మరల గెలిచి, పార్లమెంటు సభ్యుడైనవాడు. ప్రజలు వోట్లు వేసి పంపిన ప్రతినిధి పరరాష్ట్రపు గూఢచారశాఖకు మనుష్యులను కూర్చి పెట్టుచున్నాడని ఆ పత్రములు చెప్పుచుండెను.

ఇంతటి సంగతి తెలిసి ప్రభుత్వమేమి చేసినది? మొదట మౌనము వహించినది. కింగు వాషింగ్టనుకు పోయి ట్రూమనుతోను, లండనుకు పోయి అట్లీతోను ఆలోచించెను. ఈ లోపల అక్టోబరు 6వ తేదీన మంత్రిమండలి ఉత్తరువొకటి పుట్టినది. 1914 నాటి యుద్ధచర్యల చట్టము క్రింద జారీచేసిన ఆ యుత్తరువు, అనుమానము గల యే మనుష్యునినైనను పట్టి, న్యాయమంత్రి చెప్పిన చోట ఉంచి, ప్రశ్నించుటకు అధికారమిచ్చినది. దానిని ప్రచురింపలేదు, పార్లమెంటునకు తెలుపలేదు, మంత్రులలోనే బహుకొద్దిమందికి తప్ప తెలియదు. యుద్ధము ముగిసిన తరువాత, యుద్ధమునకై చేసిన చట్టము నాధారము చేసికొని పుట్టిన రహస్యశాసనమది. ఈ చట్టముయొక్క వెనుకటి చరిత్ర కూడ మఱువరానిది. 1942లో పసిఫిక్ తీరమునుండి జపాను సంతతివారిని ఇరువదివేలమందికి పైగా ఇండ్లనుండి లేవదీసినది దీని బలముననే. వారిలో ఒక్కరిపైనను గూఢచర్యపు నేరము మోపబడలేదు.

ఉత్తరువు నాలుగు నెలలు పెట్టెలో నిద్రించెను. 1946 ఫిబ్రవరి 3వ తేదీన అమెరికాలో డ్రూ పియర్సన్ అను పత్రికారచయిత రేడియోలో ఈ గుట్టును రట్టు చేయగా దానికి మెలకువ వచ్చినది. రెండు దినములలో ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. అత్యున్నతన్యాయస్థానమునకు జేరిన టాషెరో, కెల్లాక్ అను నిరువురు న్యాయమూర్తులు అందు సభ్యులు. ఫిబ్రవరి 15వ తేదీ తెల్లవాఱకమునుపే పోలీసులు ఇండ్లు తట్టి పదిమందికి పైగా పురుషులను, స్త్రీలను తీసికొనిపోయి, నగరము వెలుపల రాక్‌క్లిఫ్ అనుచోటి పోలీసు బారకులలో వేర్వేఱు గదులందుంచిరి. రాత్రింబవళ్లు దీపములు వెలుగుచుండెను. కావలివారు గదిలోనే కూర్చుండిరి. బంధువులకు సరియైన సమాధానము లేదు. వకీళ్లకు ప్రవేశము లేదు. హేబియస్ కార్పస్ దరఖాస్తులు ఫలింపలేదు. కొందఱు అట్లు ఆఱువారములుండిరి. డేవిడ్ షూగర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు అన్నము మాని నిరశనవ్రతము పట్టెను. మన దేశమున జైళ్లలో నిరశనవ్రతముల సంగతి యెఱిగిన చదువరులకు, స్వాతంత్ర్యమునకు పుట్టినిల్లని చెప్పుకొను రాజ్యాంగము క్రింద అట్టిది జరుగుట వింతగా తోపక మానదు.

ఈ పద్ధతి కంగారులో తోచినది కాదనుట ముఖ్యము. కెనడా న్యాయవాదుల సంఘమునకు అధ్యక్షుడైన ఇ. కె. విలియమ్స్ ప్రభుత్వమునకు సలహాదారుగానుండి, మామూలు న్యాయస్థానమునకు పోయినచో ఉన్న సాక్ష్యముతో నేరము రుజువగుట కష్టమనియు, ముందు విచారణసంఘమును పెట్టి, వకీళ్లు లేకుండ అనుమానితులను ప్రశ్నించుట మేలనియు 1945 చివర నివేదించెను. తరువాత ఆ సంఘమునకు ప్రభుత్వపక్షపు న్యాయవాదియు ఆయనయే. వృత్తిధర్మమును కాపాడవలసిన సంఘమునకు పెద్దయే ఆ ధర్మములేని చోటును వెదకియిచ్చుట విచారకరము.

ఇచ్చట చట్టపు సూక్ష్మమొకటి విప్పి చెప్పవలసియున్నది. ఈ కథ కంతకును కీలకమదియే. కెనడా సాక్ష్యచట్టములోని 5వ సెక్షను ప్రకారము, విచారణలో సాక్షి యగువాడు తనకు నష్టము కలిగించు ప్రశ్నకు సయితము జవాబు చెప్పి తీరవలెను. కాని చెప్పుటకు ముందు, ఈ జవాబును తరువాత నాపై వాడరాదని అతడు కోరినచో, న్యాయస్థానములో దానిని అతనిపై వాడుటకు వీలులేదు. కోరనిచో వాడవచ్చును. ఈ హక్కు గలదని వకీలు చెప్పవలెను, వకీలును రానీయలేదు. న్యాయమూర్తులైనను చెప్పియుండవచ్చును, చెప్పలేదు. అందువలన బారకులలో వారములకొలది యొంటరిగా నుండి, నలిగి, ప్రమాణము చేసి, అత్యున్నతన్యాయస్థానపు న్యాయమూర్తుల యెదుట దాపఱికము లేకుండ మాట్లాడినవారి మాటలే వారి మెడలకు ఉరులయ్యెను. ఎమ్మా వోయ్‌కిన్ నేరమొప్పుకొని రెండున్నర యేండ్ల శిక్ష పొందెను. బ్రిటిషు కార్యాలయపు ఉద్యోగినికి మూడేండ్లు, ఇంజనీరునకు నాలుగేండ్లు. నోరు విప్పనివారి గతి వేఱు. కరడుగట్టిన గూఢచారి మౌనముగా నుండగలడు. అమాయకుడును, పశ్చాత్తాపము గలవాడును మాట్లాడును. విచారణసంఘపు వల చిన్నచేపలను పట్టి, పెద్దవానికి దారి విడుచు వలయైనది.

దీనికి తోడు మఱియొక యన్యాయము. న్యాయస్థానములు తీర్పు చెప్పకమునుపే సంఘము తన నివేదికలను విడతలుగా ప్రకటించెను. మార్చి 4వ తేదీనాటి మొదటి నివేదికలోనే నలుగురి పేర్లు వెలువడెను. జూలైలో వెలువడిన తుదినివేదిక ఏడువందల పుటలకు పైబడినది. అందు ఫలానావారు దేశరహస్యములను పరుల కిచ్చిరని సిద్ధాంతము చేసినట్లు వ్రాయబడియున్నది. తరువాత ఆ పేర్లలో సుమారు సగముమందిని న్యాయస్థానములు విడిచిపెట్టినవి. నివేదిక నేటికిని గ్రంథాలయములలో నున్నది. విడుదల తీర్పులు దానిలో కుట్టబడలేదు.

విడుదలయైనవారి సంగతి కొంచెము చూడుడు. అగాథా చాప్మన్ గణాంకశాఖలో జాతీయాదాయపు లెక్కలు కట్టుటలో పేరు గాంచిన అర్థశాస్త్రవేత్త. న్యాయస్థానము ఆమె నిర్దోషియని పంపివేసినను, పూర్వపు బ్రతుకు మరల రాలేదు. ఆమె ఇంగ్లండునకు తరలిపోయెను. షూగర్ పై మోపిన నేరము నిలువలేదు. ఉద్యోగము మాత్రము నిలువలేదు కూడ. 1950 తరువాత ఆయన పోలండునకు పోయి, అచ్చట జీవభౌతికశాస్త్రమున పేరుమోసిన ఆచార్యుడై, 2015లో నూరేండ్లు నిండి మరణించెను. కెనడా తన గూఢచారుల వేటలో ఒక గొప్ప శాస్త్రజ్ఞుని తన చేతులతో తూర్పుదేశమున కప్పగించినదన్నమాట.

ఇజ్రాయెల్ హాల్పెరిన్ కథ యింకను విచిత్రము. ఆయన క్వీన్స్ విశ్వవిద్యాలయమున గణితాధ్యాపకుడు. విచారణసంఘమునకు జవాబు చెప్పుటకు నిరాకరించెను. 1947లో కేసు కొట్టివేయబడెను. విశ్వవిద్యాలయమునుండి ఆయనను తొలగింపవలెనని పాలకులలో కొందఱు పట్టుబట్టిరి గాని, సాగలేదు. ఆయనను పట్టినపుడు స్వాధీనపఱచుకొన్న చిఱునామాల పుస్తకములో క్లాస్ ఫుక్స్ అను పేరు గలదు. యుద్ధారంభమున కెనడాలో నిర్బంధములోనుండిన ఫుక్సునకు హాల్పెరిన్ శాస్త్రపత్రికలు పంపియుండెను. అంతకు మించిన సంబంధము లేదు. ఆ ఫుక్సే పరమాణుబాంబు రహస్యములను రష్యాకు చేరవేసిన అసలు చోరుడు. అతడు పట్టుబడినది 1950లో. ఆ పేరు సుమారు నాలుగేండ్లు ప్రభుత్వముల చేతనే యుండెను. నోరువిప్పనివాని నోరు విప్పించుటకు చట్టమును విఱుచు శ్రమ పడినవారు, చేతనున్న పుస్తకమును సావధానముగా చదువు శ్రమ పడలేదని యొకడనినచో కాదనుట కష్టము.

చిఱునామాల ప్రస్తావన వచ్చినది గావున మనకు సంబంధించిన మాట యొకటి. 1939 నాటి కెనడా అధికారరహస్యముల చట్టము ప్రకారము, పరరాష్ట్రపు చారుని చిఱునామా ఒకని యొద్ద దొరకినచో, వేఱు రుజువు చూపువఱకు అతడు వానితో సంబంధము పెట్టుకొన్నట్లే యెంచవచ్చును. నేరము లేదని రుజువు చేయు భారము ముద్దాయిదే. మన దేశమున 1923 నాటి అధికారరహస్యముల చట్టములోని 4వ సెక్షనులో అచ్చముగా ఇట్టి నియమమే యున్నది. రెండును 1920 నాటి బ్రిటిషు చట్టమను తల్లికి బిడ్డలు. పరాయిప్రభువులు తమ భయములకొఱకు వ్రాసికొన్న వాక్యము, స్వతంత్రభారతమున నేటికిని చెల్లుచున్నది. ఒట్టావా కథ మనకు పొరుగూరి కథ కాదనుటకు ఇది చాలును.

ప్రభుత్వపక్షమున చెప్పదగినది లేకపోలేదు. చెప్పకపోవుట న్యాయము కాదు. రాయబారి కార్యాలయమునుండి దొంగిలించి తెచ్చిన కాగితములు తప్ప వేఱు సాక్ష్యము స్వల్పము. సాక్షియో, తన దేశమునకే ద్రోహియని పిలువబడిన ఒక్క గుమాస్తా. ముందుగా హెచ్చరించినచో అనుమానితులు కాగితములు కాల్చివేయుదురు, పారిపోవుదురు. సామ్ కార్ అను పార్టీనాయకుడు నిజముగనే పారిపోయెను. 1949లో న్యూయార్కులో దొరకువఱకు చిక్కలేదు. విచారణసంఘమువలననే కొందఱు సాక్షులు లభించిరనుటయు సత్యమే.

అయినను ప్రధానమైన ఇరువురి సంగతి వేఱుగా నున్నది. నన్ మే అప్పటికే లండనునకు మరలిపోయియుండెను. అచ్చట పోలీసధికారి అతనిని పిలిపించి మాట్లాడెను. బారకులు లేవు, రాత్రింబవళ్ల దీపములు లేవు. రెండవ సంభాషణములో అతడు తాను చేసినది వ్రాసి యిచ్చెను. మార్చి 4వ తేదీన నిర్బంధించి, బహిరంగన్యాయస్థానమున విచారించి, మే 1వ తేదీన పదియేండ్ల శిక్ష విధించిరి. ఫ్రెడ్ రోజును రహస్యపు టుత్తరువు క్రింద పట్టుటకు ప్రభుత్వము సాహసింపలేదు. అతడు పార్లమెంటు సభ్యుడు. మార్చి 14వ తేదీన, సభలు ప్రారంభమైన దినమున, రాత్రి అతనిని మామూలు వారంటుతో పట్టిరి. జామీను దొరకినది, వకీలు దొరకెను, మాంట్రియల్ నగరమున జూరీ యెదుట విచారణ జరిగెను. రాయబారి కాగితములు దౌత్యరక్షణ గలవనియు, సాక్ష్యముగా చెల్లవనియు అతని వకీలు వాదించెను. న్యాయస్థానము ఆ వాదమును విని త్రోసివేసెను. ఆఱేండ్ల శిక్ష పడెను. అప్పీలులోను ఓడిపోయెను. 1947 జనవరి 30వ తేదీన పార్లమెంటు అతని స్థానము ఖాళీయైనదని తీర్మానించెను. తప్పించుకొనునని ప్రభుత్వము భయపడిన మామూలు చట్టము, అందఱికంటె పెద్దవారిని ఇరువురిని పట్టి శిక్షించినది.

పార్లమెంటులో కొందఱు ఈ సంగతిని అప్పుడే గ్రహించిరి. ప్రభుత్వపక్షమునకే జేరిన మాజీమంత్రి సి. జి. పవర్ లేచి, చిరకాలపు స్వాతంత్ర్యములను ఇట్లు త్రొక్కుట తన మనస్సాక్షికి విరుద్ధమని చెప్పెను. ప్రతిపక్షమునుండి జాన్ డీఫెన్‌బేకర్ అను న్యాయవాది హేబియస్ కార్పస్ హక్కునకై వాదించెను. కమ్యూనిస్టులన్నచో గిట్టని వారిరువురును కమ్యూనిస్టుల హక్కులకై మాటలాడుట ఆ సభకు భూషణము. కింగునకును లోలోపల గుబులుండెను. జనులను వకీళ్లు లేకుండ నిర్బంధించుట ప్రజలు సహింపరని ఆయన దినచర్యలో వ్రాసికొనెను. వ్రాసికొని, ఉత్తరువును మాత్రము నడువనిచ్చెను. పత్రికలలో చాలభాగము గూఢచారుల కథలతో నిండియుండెను. హక్కుల మాట విన్నవారు కొద్దిమంది.

పదునాలుగేండ్లకు ఆ మాట వినవచ్చినది. 1957లో డీఫెన్‌బేకర్ ప్రధానమంత్రి యయ్యెను. 1960 ఆగస్టులో ఆయన తెచ్చిన హక్కుల చట్టము శాసనమయ్యెను. అందులోని 2వ సెక్షనులో ఒక చిన్న వాక్యము గలదు. న్యాయస్థానము గాని, కమిషన్ గాని, మఱి యే యధికారము గాని ఒక మనుష్యుని చేత, వకీలు సహాయమును, స్వీయనేరాంగీకారమునుండి రక్షణను నిరాకరించి, బలవంతముగా సాక్ష్యము చెప్పింపరాదని దాని భావము. కమిషన్ అను ఆ మాటను చదువునపుడు రాక్‌క్లిఫ్ బారకులు కన్నుల యెదుట నిలుచును. అయినను ఆ చట్టమునకే ఒక కన్నముండెను: యుద్ధచర్యల చట్టము క్రింద చేసిన పనులకు అది వర్తింపదు. 1970 అక్టోబరులో క్వెబెక్కు రాష్ట్రమున విడిపోవువారి అలజడి చెలరేగగా, ఆ కన్నముగుండ ప్రభుత్వము దూరి నాలుగువందలకు పైగా జనులను పట్టినది. వారిలో చాలమందిపై ఏ నేరమును మోపలేదు. ఆ చట్టమును తీసివేసి, పార్లమెంటు పరిశీలనకు లోబడిన మఱియొక చట్టమును పెట్టుటకు 1988 రావలసివచ్చెను. ఈలోపల గూఢచారులను పట్టు పోలీసుశాఖవారే గడ్డివాములున్న కొట్టమును కాల్చుట, తలుపులు పగులగొట్టి కాగితములు దొంగిలించుట మొదలైన పనులు చేసినట్లు బయటపడి, 1977లో నియమించిన విచారణసంఘపు సలహా ననుసరించి 1984లో ఆ పనిని వేఱు సంస్థ కప్పగించిరి.

ఈ మధ్యకాలమున కెనడాకు అదే ప్రశ్న మరల యెదురైనది. ఇప్పుడు చైనా, ఇండియా మొదలైన దేశములు తన యెన్నికలలోను, పార్లమెంటునందును చేయి పెట్టుచున్నవని ఆరోపణలు. మన దేశము ఆ యారోపణలను నిరాకరించినది. 2023 సెప్టెంబరులో న్యాయమూర్తి మరీ జోజే హోగ్ అధ్యక్షతను విచారణసంఘము నియమింపబడెను. ఈసారి తలుపులు చాలవఱకు తెఱచియుండెను. సంబంధము గలవారు వకీళ్లతో వచ్చిరి. రహస్యముగా జరుపక తప్పని సభల సారాంశములను సయితము ప్రకటించిరి.

చిక్కు వేఱొకచోట వచ్చినది. 2024 జూన్‌లో పార్లమెంటు సభ్యులతో గూడిన పరిశీలనసంఘమొకటి, కొందఱు సభ్యులు తెలిసియో, సగము తెలిసియో పరరాష్ట్రముల పనికి తోడ్పడిరని నివేదికలో వ్రాసెను. పేర్లు చెప్పలేదు. పేర్లు బయటపెట్టుడని దేశమెల్ల కేకలు పుట్టినవి. ప్రక్కకుర్చీలోని మనిషిని ప్రక్కకుర్చీలోని మనిషి అనుమానముతో చూడవలసి వచ్చెను. 1946లో పేర్లు అచ్చువేసి తీర్పునకు తరువాత పంపిరి. ఇప్పుడు పేరులేని నింద సభయంతటిపైనను పడెను. ఏది యెక్కువ క్రూరమో చెప్పుట సులభము కాదు.

హోగ్ 2025 జనవరి 28వ తేదీన తుదినివేదిక నొసగెను. పార్లమెంటులో పరరాష్ట్రములతో కుట్ర పన్నిన ద్రోహులున్నట్లు తనకు రుజువు కానరాలేదనియు, కొందఱి నడవడి మాత్రము కలవరము పుట్టించునదేయనియు ఆమె తెలిపెను. పరిశీలనసంఘపు నివేదిక కొన్ని చోట్ల ఆధారమునకు మించి పలికినదనియు చూపెను. పేర్లను ఆమెయు ప్రకటింపలేదు. తనముందున్న ఆధారములు రహస్యములగుటచేత వానిని ఆ మనుష్యులకు చూపుటకు వీలులేదనియు, చూపనిదే వారు సమాధానము చెప్పుకొనజాలరనియు ఆమె కారణము చెప్పెను.